మూడో సైరన్

టైపు వదినకు ఒక అలవాటు ఉంది. పనికి కూర్చునే ముందు గోడలోంచి కంప్యూటర్ వెనక్కి దూరే ఇంటర్నెట్ తీగను పీకి కుర్చీ చేతికి చుడుతుంది. పనయ్యాక ప్రింటు తీసి, ఫైలు చెరిపేసి, చెరిపేసినవి పడే బుట్ట కూడా ఖాళీ చేసి, అప్పుడుగాని తీగను మళ్ళీ గుచ్చదు. మొగుడు లారీ ఎక్కితే వారాల తరబడి ఇంటి మొహం చూడని మనిషి కాబట్టి, ఆ తీగ కోసం పోట్లాడేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు.

ఆవిడ చేసేది ప్లీడరమ్మగారి పని. కోర్టుకెక్కిన మనుషులు రికార్డర్‌లో చెప్పుకున్న గోడు మొత్తం విని, ఒక్క మాట పొల్లుపోకుండా టైపు చేసి ఇవ్వాలి. వినడం, కొట్టడం, మర్చిపోవడం. అంతకు మించి ఈ పనిలో ఏమీ లేదని ప్లీడరమ్మ మొదటి రోజే చెప్పింది. తీగ సంగతి తెలిశాక ఆవిడ టైపు సెంటర్ల గుమ్మం తొక్కడమే మానేసింది. ఆ నమ్మకమంటే వదినకు ప్రాణం. చదువు సగంలో ఆపేసి అత్తారింటికొచ్చిన మనిషికి, నలుగురిలో ఇది నాది అని చెప్పుకోవడానికి అదొక్కటే ఉంది.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడటం లేదనుకుంటుందట. వదిన తీగ పీకడం అచ్చంగా అంతే. కానీ ఆ ముక్క ఆవిడకు చెప్పేదెవరు? కంప్యూటర్ చెప్పదుగా.

ఈసారి వచ్చిన రికార్డింగు మామూలుది కాదు. రేకు డబ్బాల ఫ్యాక్టరీలో ఒక పిల్ల చెయ్యి రేకులు అదిమే ప్రెస్సు కింద పడి నలిగిపోయింది. చెయ్యి లోపలికి పోకుండా యంత్రానికి అడ్డంగా ఒక జాలీ తలుపు ఉండాలి. ఆరోజు లేదు. పని త్వరగా తెమలాలని ఆ పిల్లే జాలీ విప్పుకుందని కంపెనీ కాగితాలు రాసుకుంది. కాదు, విప్పింది ఎవరో నేను కళ్ళారా చూశాను అనే మనిషి ఒక్కడంటే ఒక్కడు దొరికాడు. వాడికంటే ముందు ఒకామె ముందుకొచ్చింది. పేరు బయటికి పొక్కిన మర్నాడే ‘నేనేం చూళ్ళేదు’ అని ఇంట్లో కూర్చుంది. ఆమె ఇంటికి ఎవరు వెళ్ళారో, ఏం మాట్లాడారో ఇప్పటికీ చెప్పదు. అందుకే ఇతని పేరు బుధవారం కోర్టులో నిలబడేదాకా గుమ్మం దాటకూడదు.

ఫ్యాక్టరీలో ఇతన్ని మూడో సైరన్ అంటారు. పొద్దున మొదటి సైరన్‌కు గేటు తీస్తారు, రెండోదానికి యంత్రాల దగ్గర ఉండాలి, మూడోదానికి గేటు మూసేస్తారు. ఈయనగారు పనిలో చేరిననాటి నుంచీ మూసుకుపోతున్న గేటు సందులోంచే లోపలికి దూరతాడు. ఆ సంగతి రికార్డింగులో తనే నవ్వుతూ చెప్పాడు. ఆ తర్వాత నవ్వు ఆపి, షిఫ్టు ఇన్‌ఛార్జి తన చేత్తోనే స్పానర్ పట్టుకుని జాలీ విప్పాడని చెప్పాడు.

ఆ ఇన్‌ఛార్జి వదినకు సొంత మరిది.

ఆ మాట దగ్గర ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. రికార్డరు వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. ఎన్నిసార్లు విన్నా పేరు మారలేదు. ప్లీడరమ్మకు చెప్పేయాలనుకుంది. చెబితే ఈ కేసే కాదు, మొత్తం పనే చేజారిపోతుందని భయమేసింది. తీగ ఎలాగూ పీకే ఉంది కదా అని సర్దిచెప్పుకుని ఆ వాక్యం కూడా టైపు చేసేసింది.

మరిది ఇల్లు రెండు వీధుల అవతల. ఆదివారం మధ్యాహ్నం భోజనం అక్కడే. అతను చెడ్డవాడని ఎవరైనా అంటే వదినే ఒప్పుకోదు. ఆవిడ కాపురానికి వచ్చేనాటికి బడికెళ్ళే పిల్లాడు. లెక్కలు చెప్పింది ఆవిడే, జ్వరమొస్తే పక్కన కూర్చున్నది ఆవిడే. మొదటి జీతంతో వదినకు కంప్యూటర్ కొనిచ్చింది అతనే. అకౌంటు మాత్రం తన పేరు మీద పెట్టాడు. నీకు పాస్‌వర్డ్‌లు ఎక్కడ గుర్తుంటాయి వదినా, అన్నీ నాదాంట్లో ఉంటే ఏ తంటా ఉండదన్నాడు. ఇంటిల్లిపాదికీ ఒకటే గొడుగు అన్నమాట. మరిది పిల్లల ఫొటో అక్కడ పెడితే ఇక్కడ కనిపించేది, ఆవిడ మురిసిపోయేది.

ఆవేళ భోజనాల దగ్గర మరిది నవ్వుతూ మొదలుపెట్టాడు. కంప్యూటర్‌లో ఏదో టైపు చేద్దామని ‘మూడో’ అని కొట్టాడట. తర్వాత ఏం రాయాలో అదే అందించిందట.

“సైరన్ అంది వదినా. నేనెప్పుడూ ఆ మాట రాయలేదు. దీనికెవరు చెప్పుంటారంటావ్?”

వదినకు పొలమారింది. ఎవరో తలుచుకుంటున్నారక్కా అంటూ తోడికోడలు నీళ్ళగ్లాసు అందించి, ఈ రోజుల్లో యంత్రాలకు మనుషుల కంటే ఎక్కువ తెలుసని తన జోకు తాను వేసుకుంది. మరిది కూడా నవ్వాడు. నవ్వుతూనే వదిన మొహం మీదనుంచి చూపు తిప్పలేదు. ఆవిడ గ్లాసు ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు.

చేతులు కడుక్కుని, పిల్లల పాత ఫొటోలు చూసుకుంటానని గదిలోకి వెళ్ళింది. కంప్యూటర్ తెరిచే ఉంది. ‘మూడో’ అని కొట్టింది. పక్కనే బూడిదరంగులో ‘సైరన్’ వచ్చి నిలబడింది. దాని కింద చిన్న అక్షరాల్లో, ఈ మాట మీరు ఎక్కడ చూశారో చూపించమంటారా అని అడిగింది. ఆవిడ చూపించమంది.

తెర నిండా చిన్న చిన్న బొమ్మలు. అన్నీ వదిన ఇంట్లోని కంప్యూటర్ తెరవే. ఆవిడ టైపు చేస్తుండగా, క్షణక్షణానికీ ఎవరో భుజం మీదుగా వంగి ఫొటో తీసినట్టు వరసగా పేర్చి ఉన్నాయి. చెల్లెలికి రాసిన ఉత్తరం, అందులో తోడికోడలి పిసినారితనం గురించిన రెండు పేరాలు. ఎవరికీ చెప్పకుండా, నెలసరి ఆగిపోతే ఒళ్ళెందుకు మండుతుందని వెతుక్కున్న పేజీ. వాటి కిందే వాంగ్మూలం మొత్తం. చెరిపేసిన ఫైలు, ఖాళీ చేసిన బుట్ట, ఏదీ దీన్ని ఆపలేదు. తీగ లేనంతసేపూ లోపల దాచిపెట్టుకుని, గుచ్చగానే అకౌంటులోకి కక్కేసింది. స్నానాలగది తలుపుకు ఇన్నాళ్ళూ గడియే లేదని తెలిసిన మనిషిలా ఆవిడ పమిట సర్దుకుంది.

దీనికి ఎవరు ఒప్పుకున్నారంటే, ఆవిడే. ఆమధ్య కంప్యూటర్ తనంతట తాను కొత్తదనం తెచ్చుకుని, ఇకమీదట మీరు చేసినవన్నీ గుర్తుపెట్టుకుని సాయం చేస్తానని ఒక పేజీ చూపించింది. కింద పెద్ద బటను మీద ‘సరే’ అని ఉంది. దాని పక్కన కనీ కనపడనట్టు ‘తర్వాత అడుగు’ అని ఉంది. ‘వద్దు’ అనే మాట ఎక్కడా లేదు. పిలవని పేరంటానికి వచ్చినవాడైనా గుమ్మం దగ్గర ఆగి రమ్మంటారా అని అడుగుతాడు. ఇది లోపలికొచ్చి మంచమెక్కి, పడుకోనా, కాసేపాగి పడుకోనా అని అడిగింది. ఆవిడ పొయ్యి మీద ఏదో మాడిపోతోందన్న కంగారులో ‘సరే’ నొక్కింది. అందరం అలాగే నొక్కుతాం.

వెంటనే అన్నీ తుడిచేయమని ఆజ్ఞ ఇచ్చింది. ఈ అకౌంటు వాడే కంప్యూటర్ల పేర్లు వచ్చాయి. వదిన ఇల్లు, తుడిచేశాను. మా ఇల్లు, తుడిచేశాను. ఆ రెండింటి కింద ఇంకొకటి ఉంది. షిఫ్టు రూము. అది ప్రస్తుతం ఆపి ఉంది, దాని దగ్గర కూర్చుని యజమాని పాస్‌వర్డ్ కొడితేగాని తుడవడం కుదరదు అంది.

“దొరికిందా వదినా, ఫొటో?”

మరిది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఫ్యాక్టరీలో ఉన్న ఆ మూడో కంప్యూటర్‌ను తుడవగలిగిన మనిషి లోకంలో ఒక్కడే, ఎవరికి తెలియకూడదో వాడే. ఏదో వైరస్ అని, ఫ్యాక్టరీలోది కూడా ఓసారి తుడిచేస్తే మంచిదని నీళ్ళు నమిలింది.

అతను లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. శుక్రవారం సాయంత్రం షిఫ్టు రూములోనే ఆ మాట కనిపించిందనీ, ఎక్కడిదో చూపించమని నొక్కాననీ, మొత్తం చదివాననీ నెమ్మదిగా చెప్పాడు. భోజనాల దగ్గర అన్నది వదిన మొహం చూడటానికే. ఇంతవరకూ ఇంకెవరూ చూడలేదట. రేపు పొద్దున మాత్రం నెలాఖరు రిపోర్టు కోసం మేనేజరుగారు ఆ కంప్యూటర్ ముందే కూర్చుంటారు. ఆయన మూడో షిఫ్టు అని కొట్టడానికి ‘మూడో’ అన్నా చాలు.

“నేను చేసిపెట్టమన్నది ఒక్కటే వదినా. నా పేరున్న ఆ ఒక్క వాక్యం తీసెయ్. జాలీ ఎవరో తీశారని ఉండనీ. ఆ పిల్లకు న్యాయం జరుగుతుంది, ఆ మూడో సైరన్‌కీ ఏం కాదు. పొద్దున్నే వెళ్ళి తుడిచేస్తాను.”

“తియ్యకపోతే?”

అతను కిటికీలోంచి పెరట్లో ఆడుకుంటున్న పిల్లలను చూస్తూ, నన్ను జైల్లో వేస్తారు వదినా అన్నాడు. ఆ గొంతు జ్వరమొచ్చినప్పటి గొంతు. వదినకు కోపం రావలసిన చోట ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూలబడింది. ఆ వాంగ్మూలం మూడో సైరన్ ఇంకా సంతకం పెట్టలేదు. వాడికి కూడబలుక్కుని చదవడమే గాని పెద్ద కాగితాలు చదివే ఓపిక లేదు, మంగళవారం వదినే చదివి వినిపించాలి. ప్రింటు ఇంకా తన దగ్గరే ఉంది, ఆ ఒక్క వాక్యం లేకుండా ఆ పేజీ మళ్ళీ కొట్టి చదివితే ఎవరికీ తెలియదు. వాడు క్షేమం, మరిది క్షేమం, తన పని క్షేమం. కావలసింది రెండు నిమిషాలు.

చెయ్యి దానంతట అదే వెనక్కి పోయి తీగ పీకింది. కుర్చీ చేతికి చుట్టబోతూ ఆగింది. ఎవరి నుంచి దాచడానికని ఈ తీగ పీకడం? ఆ వాక్యం ఉంచిందో తీసిందో చూసే కన్ను ఈ పెట్టెలోనే ఉంది. ఇవాళ ఒక వాక్యం తీస్తే, తీసిన బొమ్మ కూడా ఎక్కడో పడి ఉంటుంది. అది ఎవరి చేతికి చిక్కితే వాళ్ళు చెప్పినట్టల్లా ఆడాలి, ఇప్పుడు మరిది చెప్పినట్టు ఆడబోతున్నట్టే. అంతకంటే ముందు, ఆ మాట తనది కాదు. దాన్ని చెప్పడానికి వాడెంత భయపడ్డాడో రికార్డింగులో ఊపిరితో సహా విన్నది తనే. వదిన తీగను నేల మీద పారేసి, చెప్పులు వేసుకుని బయటపడింది.

ప్లీడరమ్మ గుమ్మం దగ్గర నిలబడే అంతా చెప్పేసింది, మరిది సంగతితో సహా. ప్లీడరమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేదని వదినకు అనిపించింది. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

“నీ తీగ గురించి నేను నలుగురికి గొప్పగా చెప్పుకున్నాను. ఇన్‌ఛార్జి మీ మరిదని తెలిసిన రోజే నువ్వు నాకు చెప్పాల్సింది.”

ఫోనులు నమ్మడానికి లేదు కాబట్టి ఇద్దరూ నడుచుకుంటూ మూడో సైరన్ ఇంటికి వెళ్ళారు. అతను గుమ్మంలో కూర్చుని సైకిల్ చక్రానికి అతుకు వేసుకుంటున్నాడు. వదినకు తల ఎత్తి చెప్పే ధైర్యం లేకపోయింది, చక్రానికే చెప్పింది. నీ పేరు బయటపడింది తమ్ముడూ, నా వల్లే, అంది. పెళ్ళాం లోపలినుంచి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. ప్లీడరమ్మ దారులన్నీ చెప్పింది. వాంగ్మూలం వెనక్కి తీసుకోవచ్చు, ఊరు విడిచి కొన్నాళ్ళు పోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు.

అతను అతుకు ఆరేదాకా బొటనవేలితో అదిమిపట్టి కూర్చున్నాడు. తర్వాత ఆలోచించుకుంటూ అన్నాడు, పోయినసారి ఆమెను ఒంటరిగా చూసి బెదిరించారు, ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ అడ్డం రాలేదు, అందరికీ తెలిసినవాణ్ణి బెదిరించాలంటే వాళ్ళకూ కొంచెం జంకుంటుందని. అతను వదిన వైపు తిరిగాడు.

“అక్కా, మొదటి సైరన్ ఎన్నింటికి మోగుతుంది?”

వాడికి నిజంగానే తెలియదు.

సోమవారం పొద్దున ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా బస్సుల కోసం వేసిన రేకుల పందిరి కింద వదిన, ప్లీడరమ్మ నిలబడ్డారు. పనివాళ్ళు గుంపులు గుంపులుగా వస్తున్నారు. మేనేజరు కారు ఇంకా రాలేదు. షిఫ్టు రూము కిటికీలో దీపం వెలుగుతోంది. ఆ దీపం ఎవరు వేశారో, ఎందుకు వేశారో అని వదిన ఆ కిటికీ వైపే చూస్తోంది.

మొదటి సైరన్ మోగింది. గేటు తీశారు. తీసిన గేటుకు సరిగ్గా నడుమ సైకిల్ ఆపుకుని అతను నిలబడి ఉన్నాడు. చూసినవాళ్ళు చూసినట్టే ఆగిపోయారు. సూర్యుడు ఎటు పొడిచాడ్రా, గడియారం చెడిపోయిందా అని ఎవరో అన్నారు, నవ్వులు లేచాయి. అతను నవ్వలేదు. ప్యాంటు జేబుల్లోంచి చేతులు తీసి, గొంతు సవరించుకున్నాడు.

“ఆ పిల్ల జాలీ విప్పలేదు. విప్పడం నేను చూశాను. బుధవారం కోర్టులో చెబుతాను. నన్నెవరైనా ఏమైనా అడగాలనుకుంటే ఇక్కడే, వీళ్ళందరి ముందూ అడగండి.”

నవ్వులు ఎక్కడివక్కడ ఆరిపోయాయి. మేనేజరు కారు వచ్చి గుంపు వెనక హారన్ కొట్టింది. ఎవరూ వెంటనే పక్కకు జరగలేదు. ఒక ముసలామె, ప్యాకింగులో పనిచేసే మనిషి కాబోలు, వెళ్ళి అతని సైకిల్ హ్యాండిల్ మీద చెయ్యివేసి నిలబడింది. ఇంకొకరు వచ్చారు. ప్లీడరమ్మ వదిన మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పటిదాకా ఆవిడ కూడా భయపడుతోందని వదినకు తెలియలేదు.

గుంపు సందులోంచి మరిది బయటికొచ్చాడు. రోడ్డు దాటి పందిరి కిందికి వచ్చేసరికి అతని మొహంలో రక్తం లేదు.

“తుడిచేశాను వదినా. తెల్లారకముందే వచ్చి తుడిచేశాను. నువ్వు ఆ వాక్యం తీస్తావో తియ్యవో నాకు తెలీదు. అయినా తుడిచేశాను. వీడు కాసేపు ఆగుంటే సరిపోయేది.”

వదిన పందిరి స్తంభాన్ని పట్టుకుంది. జ్వరంలో నుదుటి మీద తడిగుడ్డ వేసిన మనిషి, లెక్కలు చెప్పిన మనిషి, ఒక్క రాత్రి అతన్ని నమ్మలేకపోయింది. నమ్మడానికి అతను చోటివ్వలేదు, అదీ నిజమే. ఈ రెండింటి మధ్య ఒక పేదవాడు నడిరోడ్డు మీద నిలబడ్డాడు.

“నీ వాక్యం ఉంది,” అంది. “తియ్యలేదు.”

అతను తల ఊపాడు. పందిరి గట్టు మీద కూర్చుని తన చేతులు చూసుకున్నాడు.

“విప్పింది నేనే. విప్పమన్నది నేను కాదు. ఆ మాట అన్నప్పుడు గదిలో మేనేజరుగారూ నేనూ, మేమిద్దరమే. దాన్ని ఎవడూ చూళ్ళేదు, ఎవడూ చెప్పడు.”

“నువ్వు చెప్పొచ్చు.”

రెండో సైరన్ మోగింది. అతను లేవలేదు. మూడోది కూడా మోగి, గేటు మూసుకుంది. మేనేజరు కారు లోపల ఉంది, షిఫ్టు ఇన్‌ఛార్జి బయట ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం ప్లీడరమ్మ గదిలో కంప్యూటర్ లేని బల్ల దగ్గర ముగ్గురూ కూర్చున్నారు. ఇతని మాట నువ్వు రాయకూడదు, మీ ఇంటి మనిషి కదా అంది ప్లీడరమ్మ. వేరెవరికైనా అయితే చెప్పనన్నాడు మరిది. అయితే ఇది కోర్టు కాగితం కాదు, చిత్తు మాత్రమే, పక్కన నేనూ కూర్చుంటాను అంది. ఫోనులన్నీ పక్కగదిలో పెట్టి తలుపు వేసి వచ్చింది. వదిన కలం పట్టుకుంది. టైపు అలవాటైన చేతికి అక్షరాలు కుదురుగా రావడం లేదు. మొదటి ప్రశ్న ఎవరినైనా అడిగేదే. తల ఎత్తకుండా అడిగింది.

“పేరు?”

“నా పేరు నీకు తెలీదా వదినా?”

“తెలుసు. నువ్వు చెప్పాలి.”

అతను ఒకసారి కిటికీ వైపు, ఒకసారి ప్లీడరమ్మ వైపు చూశాడు. తర్వాత ఇంటిపేరుతో సహా చెప్పాడు. వదిన రాసుకుంది.